ముందు సీట్లో బోనం

మా అత్త అనంతమ్మ పోచమ్మ తల్లిని నమ్ముతుంది, తన కొడుకు డ్రైవింగును నమ్ముతుంది. నా డ్రైవింగును మాత్రం నమ్మదు.

ఎండాకాలంలో నేర్చుకున్నాను నేను. శంషాబాద్‌లో ఆడవాళ్ళకు కారు నేర్పే స్వరాజ్యం మేడం పక్కన కూర్చుని, చెమటలు కక్కుకుంటూ క్లచ్చు తొక్కి, లైసెన్సు తెచ్చుకున్నాను. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఆడపిల్లల్ని తెల్లవారకముందే ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని డ్యూటీలో దింపే బండికి ఆడమనిషి డ్రైవరు కావాలని తెలిసి వెళ్ళాను. నడిపి చూపించమన్నారు, చూపించాను. సోమవారం నుంచి రమ్మన్నారు. మా ఆయన రవీందర్ కూడా క్యాబే నడుపుతాడు. విషయం చెబితే "పో, నాకేంది" అన్నాడు. ఆయన నోట అదే పెద్ద దీవెన.

ఇక మిగిలింది అత్త. ఆమె ఒప్పుకోకపోయినా వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళొచ్చు. కానీ ఆమె వద్దన్న పని ఎవరైనా చేస్తే, అది ఎప్పుడు చెడిపోతుందా అని గడపలో కూర్చుని ఎదురుచూసే రకం మా అత్త. అంతకన్నా అసలు సంగతి, ఆమె మాట నాకు కావాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెతో ఒక్కసారైనా "మంచిగ చేసినవ్" అనిపించుకోలేదు. నేను పెట్టిన పచ్చడి ముక్క మిగల్చకుండా తింటుంది, జాడీ ఖాళీ అయ్యాక "ఉప్పెక్కువైంది" అంటుంది. ఈ ఒక్క విషయంలో ఆమె సరే అంటే చాలనుకున్నాను. అంత ఆశ ఉంది నాకు, దాచుకోవడం ఎందుకు.

నా కొలువు సంగతి విని ఆమె చాలాసేపు వక్క నమిలింది. తరువాత తీర్పు చెప్పింది.

"ఊరోళ్ళ బిడ్డలను ఎక్కిచ్చుకుంట అంటున్నవ్. ముందుగాల ఇంట్లోళ్ళను ఎక్కిచ్చుకో. ఐతారం మా ఊర్ల బోనాలు. రవికి డ్యూటీ ఉన్నదట. నన్నూ బోనాన్నీ నువ్వే తీస్కపో. ఇంట్ల ముట్టిచ్చిన దీపం గుడికాడికి కొండెక్కకుంట పోవాలె. పోతే నీ కొలువు నీది. కొండెక్కిందా, ఇగ గా ముచ్చట తియ్యొద్దు."

రవీందర్ తీసుకుపోయిన ఏళ్ళలో ఆ దీపం రెండుసార్లు కొండెక్కింది. అప్పుడు తప్పు గాలిది. నేను తీసుకుపోతే తప్పు నాది. ఈ న్యాయం ఏ కోర్టులో ఉందో తెలియదు కానీ మా ఇంట్లో ఉంది. సరే అన్నాను.

శనివారం సాయంత్రం మా పాత చిన్న కారును పెళ్ళికూతుర్ని చేసినట్టు తయారుచేశాను. కాళ్ళ కింద వేసే పట్టాలు తీసి సబ్బుతో రుద్ది కడిగి ఆరేశాను. శ్రావణమాసంలో బట్టలే ఆరవు, పట్టాలు ఆరతాయా? తెల్లారి చూస్తే తడితడిగానే ఉన్నాయి. ఏముందిలే, కాళ్ళ కిందివే కదా అని అలాగే పరిచేశాను. ఆరంభశూరత్వం అంటే ఏమిటో ఎవరైనా అడిగితే నా పేరు చెప్పొచ్చు.

ఆదివారం పొద్దున ఇల్లంతా తలస్నానాల హడావుడి. మా ఆడబిడ్డ అరుణ రాజేంద్రనగర్ నుంచి ముందురోజే వచ్చింది. అత్త చెల్లెలు రుక్కమ్మ, అంటే మా చిన్నత్త, మా ఇంటి వెనక గల్లీలోనే ఉంటుంది. నలుగురం తలంటుకుని, నీళ్ళు కారే జుట్లు కొసన ముడేసుకుని, పసుపు రాసుకుని తయారయ్యాం. అత్త కుండలో అన్నం వండి, బెల్లం పాలు కలిపి, పొగలు కక్కుతుండగానే పసుపు కుంకుమలు పెట్టి వేపమండలు కట్టింది. కుండ మీద మూకుడు, మూకుడులో నూనె, ఒత్తి. ఇంట్లో దీపం నుంచి ఆ ఒత్తి వెలిగించి, బోనాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి కారు ముందు నిలబడింది.

"వెనక కూసో అత్తమ్మా, అరుణ గూడ పట్టుకుంటది" అన్నాను.

"తల్లిని వెనక సీట్ల కూసోవెడ్తవా? తల్లి ముందుంటది, మనం వెనకుంటం" అంది అత్త. ముందు సీట్లోనే కూర్చుంది, ఒళ్ళో గుడ్డ పరుచుకుని దాని మీద బోనం పెట్టుకుంది. బెల్టు పెట్టడానికి నేను పడిన పాట్లు వేరే కథ. వెనక అరుణ, చిన్నత్త ఎక్కారు. అప్పుడు చెప్పింది మిగతా షరతులు.

"అద్దాలు దించొద్దు, దీపానికి గాలి తాకుతది. గా ఏసీ గీసీ పెట్టొద్దు. ఫ్యాను పెట్టొద్దు."

పెట్టలేదు. బయలుదేరాం.

ఊరు దాటేదాకా అంతా బాగానే ఉంది. నేను రింగు రోడ్డు ఎక్కకుండా దాని పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకున్నాను. ఎయిర్‌పోర్టు వైపు దిగే విమానం ఒకటి మా నెత్తి మీంచే పోయింది. అంతలో వాన మొదలైంది. వైపర్లు వేశాను. వైపర్లు వాటి పని అవి చేస్తున్నా ముందద్దం మాత్రం మసకబారుతూనే ఉంది. ముందు పోతున్న ఆటో వెనక ఎర్ర లైటు కాసేపు లైటులా ఉంది, తరువాత అలికేసిన కుంకుమ బొట్టయింది, తరువాత లేనేలేదు.

"వదినా, అద్దానికి ఆవిరి పట్టింది" అంది అరుణ. అని ఊరుకుంటే బాగుండేది. వెనక నుంచి ముందుకు వంగి అరచేత్తో అద్దం తుడిచింది. ఆ చేతికి పసుపు ఉంది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు ఇప్పుడు మసక మీద పసుపు కూడా చేరింది. రోడ్డు, వాన, ఎదురుగా వస్తున్న లారీ, అన్నీ పసుపు పచ్చగా పూజకు కూర్చున్నట్టు కనబడ్డాయి.

"మా ఇంటాయన ఉండంగ బీడీల పొగాకు రుద్దేటోడు లారీ అద్దానికి" అంది చిన్నత్త. "ఆలుగడ్డ కోసి రుద్దినా మంచిగుంటదంట."

"బోనంల ఆలుగడ్డ లేదు చిన్నత్తా" అన్నాను. అప్పటికే నాకు తల వేడెక్కుతోంది. ఒక చేత్తో కొంగు పట్టి తుడుస్తున్నాను, తుడిచినంత మేర ఒక్క క్షణం రోడ్డు కనబడుతుంది, మళ్ళీ మూసుకుంటుంది. అత్త ఒళ్ళో దీపం మాత్రం చెక్కు చెదరకుండా నిటారుగా వెలుగుతోంది. దాని సుఖం చూస్తే నాకు ఇంకా మండింది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకుంటారంటారు. నాకు ఆ దారీ లేదు, దుత్తలో ఉన్నది తల్లి నైవేద్యం.

ఇండికేటరు వేసి, ఎడమ పక్కకు తీసి, బండి ఆపేశాను.

"ఏందే, గింతలనే అయిపోయిందా తోలుడు?" అంది అత్త.

"కనవడ్తలేదు అత్తమ్మా. కనవడకుంటే తోల."

"మా రవి అయితే గీపాటికి గుడికాడ ఉండేటోడు."

"రవి అయితే తలకాయ బయట వెట్టి తోలేటోడు. నేను తోల." నా గొంతు నాకే పెద్దగా వినబడింది, అయినా తగ్గించలేదు. "దీపం కొండెక్కితే కొండెక్కనీ. కొలువు పోతే పోనీ. ముగ్గురిని ఎక్కిచ్చుకోని గుడ్డిగ మాత్రం తోల. గది నా తోని కాదు."

అరుణ కిటికీ వైపు తిరిగింది, అక్కడా ఏమీ కనబడదు కాబట్టి మళ్ళీ ఇటే తిరిగింది. అత్త నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మరి ఎట్ల?" అంది.

ఆ రెండు మాటలకు నాకు సగం కోపం పోయింది. స్వరాజ్యం మేడం చెప్పింది గుర్తు తెచ్చుకున్నాను. అద్దం మసకబారితే తుడవడం తరువాత, ముందు లోపలికి తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడు అనేది ఆమె. ఆమె చెప్పినప్పుడు బయట నిప్పులు కురుస్తున్నాయి, అద్దం ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఆవిరి ఏమిటి, మసక ఏమిటి అని నేను తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు చుట్టూ చూశాను. నీళ్ళు కారే నాలుగు తలలు, కాళ్ళ కింద నేను స్వయంగా కడిగి పరిచిన తడి పట్టాలు, పొగలు కక్కే కుండెడు అన్నం, దాని మీద మండే దీపం. వీటికి తోడు నాలుగు నోళ్ళు, అందులో రెండు ఎప్పుడూ ఆగవు. ఇంత తడినీ మూత పెట్టి బంధించి, అద్దం మసకబారిందని అద్దాన్ని తిడుతున్నాం.

"అందరు కొప్పులు వెట్టుకోని కొంగులు చుట్టుకోండి" అన్నాను. వానలో దిగి పట్టాలన్నీ లాగి డిక్కీలో పడేశాను. నా వైపు తలుపు తెరిచిన ప్రతిసారీ అత్త రెండు చేతులూ దీపానికి అడ్డం పెట్టింది. అద్దానికి అంటిన పసుపు తుడవడానికి పొడిగుడ్డ కావాలి. కారు మొత్తంలో పొడిగా ఉన్నది తల్లికి పెట్టబోయే రవికె ముక్క ఒక్కటే. నేను దాని వైపు చూడగానే అత్త "దాని దిక్కు సూడకు" అంది. చిన్నత్త తన సంచి అడుగున వెతికి, తమలపాకులు చుట్టి తెచ్చిన పాత పేపరు తీసిచ్చింది. ఆకులు అరుణ ఒళ్ళో పోసి, పేపరు ఉండ చుట్టి అద్దం గట్టిగా రుద్దాను. పసుపు పోయింది.

"ఇగ ఫ్యాను పెట్టాలె అత్తమ్మా."

"దీపం?"

"గాలి అద్దం మీదికే పోతది, నీ దిక్కు రాదు."

"నువ్వు సూసినవా?"

"సూడలే. మేడం చెప్పింది."

అత్త దీపం వైపు చూసింది, అద్దం వైపు చూసింది. "పెట్టు" అంది.

ఇక్కడ నా బండి గురించి ఒక మాట చెప్పాలి. గాలి ఎటు పోవాలో చూపించే మీట చుట్టూ చిన్న చిన్న బొమ్మలుంటాయి, ఒకటి ముఖానికి, ఒకటి కాళ్ళకు, ఒకటి అద్దానికి. మా బండిలో ఆ బొమ్మలు ఎప్పుడో అరిగిపోయాయి. నేను నేర్చుకున్న బండి వేరు. దేవుడి మీద భారం వేసి మీట ఒక పక్కకు తిప్పి ఫ్యాను వేశాను. గాలి బుస్సున నేరుగా అత్త ముఖాన కొట్టింది. దీపం అడ్డంగా పడుకుని ఆవగింజంత అయింది.

"బంజెయ్" అంది అత్త. వెనక నుంచి నాలుగు చేతులు వచ్చి మూకుడు చుట్టూ మూగాయి. ఆపేశాను. ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఆవగింజ అలాగే కాసేపు ఉండి, మెల్లగా శనగగింజంత అయి, మళ్ళీ దీపమై నిలబడింది. చిన్నత్త తల్లికి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

"ఇంకోపారి" అంది అత్త. నాకు నా చెవుల మీద నమ్మకం కుదరలేదు.

ఈసారి ముందు ఆమె ఎదురుగా ఉన్న గాలి కిటికీలు రెండూ మూసేశాను. లోపలి గాలిని లోపలే తిప్పే మీటను ఇటు జరిపి బయటి గాలి వచ్చేట్టు పెట్టాను. ఫ్యాను అన్నిటికన్నా తక్కువలో వేశాను. గాలి మీట ఇంకోవైపు తిప్పితే కాళ్ళ మీద చల్లగా తగిలింది, అది కాదు. చివరిదాకా తిప్పాను. అద్దం కింది అంచు నుంచి సన్నగా శబ్దం వచ్చింది. దీపం తల కొంచెం ఊపింది, అంతే. ఏసీ నొక్కాను.

నలుగురం అద్దం వైపు చూస్తూ కూర్చున్నాం. మొదట ఏమీ కాలేదు. తరువాత అడుగున, సరిగ్గా మధ్యలో, చిన్న పిడక అంత మేర మసక విడిచింది. అందులోంచి తడిసిన రోడ్డు ముక్క ఒకటి కనబడింది. అది పైకి పాకింది, పక్కలకు పాకింది. పొలాలు తీసి ప్లాట్లు చేసిన చోట పాతిన తెల్ల రాళ్ళు కనబడ్డాయి, వాటి మధ్య మేస్తున్న గేదె కనబడింది. ఆ గేదెను చూసి నేను సంతోషపడినట్టు మా పెళ్ళిలో మా ఆయన్ని చూసి కూడా పడి ఉండను.

"మబ్బు ఇడ్సినట్టు ఇడుస్తున్నది గదనే" అంది అత్త. ఆమె గొంతులో ఆశ్చర్యం ఉంది, దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

బండి కదిలింది. అరుణ పాట ఎత్తుకుంది. చిన్నత్త వంత పాడింది. తుక్కుగూడ దాటి మహేశ్వరం దారి పట్టేసరికి అద్దం మళ్ళీ మసకబారడం మొదలుపెట్టింది. పేపరు తీసి తుడిచాను, పోలేదు. వేలితో ముట్టుకుంటే లోపల పొడిగానే ఉంది. మసక బయటి వైపు ఉంది. ఏసీ చల్లదనానికి అద్దం చల్లబడి, బయటి తడిగాలి దాని మీద కూర్చుంది. వాన తగ్గిందని వైపర్లు ఆపింది నేనే. ఒక్కసారి వేశాను, ఒక్క ఊపులో పోయింది. చల్లదనం కూడా కొంచెం తగ్గించాను.

"లోపటిదానికో మందు, బయటిదానికో మందు. ఇది మనిషి లెక్కనే ఉన్నది" అంది అత్త. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నా పక్కన కూర్చుని ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఊరు వచ్చింది. డప్పుల చప్పుడు వినబడుతోంది. మలుపు తిరిగితే గుడి ముందు వేపమండల పందిరి, బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు బారులు తీరి కనబడ్డారు. దీపం మూకుడులో హాయిగా వెలుగుతోంది. గెలిచాననుకున్నాను. గుడి ఇంకా నాలుగిళ్ళ దూరం ఉంది.

అప్పుడు అత్త ముక్కు ఎగబీల్చింది. తడి తల, చల్లగాలి. రెండు చేతులూ కుండ పట్టుకుని ఉన్నాయి, ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి లేదు. తల పక్కకు తిప్పబోయింది, తిప్పేలోపే తుమ్మింది. అలాంటి తుమ్ము నేను జన్మలో వినలేదు. అద్దం మీద కూడా తుంపర పడింది. తరువాత చూస్తే మూకుడులోంచి సన్నటి పొగ లేస్తోంది.

అరుణ పాట ఆగిపోయింది. బండి గుడి ముందు ఆపాను. ఇంజను కట్టేశాను. కొండెక్కిందా, ఇగ గా ముచ్చట తియ్యొద్దు. మాట మాటే. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజం చెబుతున్నాను. రేపు తెల్లవారుజామున ఏదో గల్లీలో ఎవరో పిల్ల నా బండి కోసం ఎదురుచూస్తుంది, ఆ బండిలో నేను ఉండను అనుకున్నాను.

తలుపు తీసి అత్తను దింపాను. అందరికన్నా ముందు వచ్చింది రేణుకమ్మ, అత్త పెద్దన్న భార్య. వదినామరదళ్ళు ఇద్దరికీ వయసులో ఉన్నప్పటి నుంచి పోటీ. ఆమె బోనం మీద దీపం ధగధగ వెలుగుతోంది.

"ఏంది అనంతమ్మా, దీపం లేదు?" అంది రేణుకమ్మ. నా వైపు చూసి పెదవి విరిచింది. "కోడలు తోల్కొచ్చిందంట గద. యాడ్నో బ్రేకు కొట్టి ఉంటది."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నన్ను చూశారు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏమొస్తుందో నాకు తెలుసు, పండగ పూట అది మంచిది కాదు. అత్త ఊరుకుంటే చాలు, ఆ మాటే నిలబడిపోతుంది. ఆమెకు నోరు విప్పాల్సిన పని కూడా లేదు. పైగా తన తప్పు తాను ఒప్పుకోవడం మా అత్త ఇంతవరకు చెయ్యని పని, అదీ రేణుకమ్మ ముందు.

అత్త బోనం సర్దుకుంది.

"బ్రేకు గాదు వదినా. నేను తుమ్మిన" అంది.

"ఆఁ?"

"నా తుమ్ముకే కొండెక్కింది. పిల్ల తోలుడుల కసూర్ లేదు." గొంతు పెంచింది, వెనకున్న వాళ్ళకు కూడా వినబడాలని. "దారి పొంటి వాన. అద్దం కనవడలే. కనవడకుంటే తోల అని ఆపింది. నేను గెదిమినా కదలలే. జోరుగ తోలేటోళ్ళను చానమందిని సూసిన వదినా. కనవడకుంటే ఆపేటోళ్ళను గిప్పుడే సూస్తున్న."

ఇంత పొడుగు మాట ఆమె నా గురించి అనడం ఎప్పుడూ వినలేదు. అరుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్త తన మూకుడు వంచి, రేణుకమ్మ దీపానికి తన ఒత్తి తాకించింది.

"ఇంట్ల ముట్టిచ్చిన దీపమే ఉండాలె అంటవ్ గద నువ్వు?" అంది రేణుకమ్మ.

"నీ ఇల్లు నా పుట్టిల్లే గద" అంది అత్త.

ఒత్తి అంటుకుంది. డప్పులు ఊపందుకున్నాయి. చిన్నత్త, నేను చెరో పక్కన పట్టి బోనాన్ని అత్త తలకెత్తాం. నాలుగడుగులు వేసి ఆగింది. తల మీద బోనం ఉంటే మెడ తిప్పకూడదు, అందుకని మనిషి మొత్తం నా వైపు తిరిగింది.

"సొర్ణా, పొద్దుగాల ఎన్నింటికి పోవాలె నువ్వు?"

"నాలుగింటికి అత్తమ్మా."

"అయితే జల్ది ఇల్లు చేరాలె. నిద్ర లేకుంట బండి ముట్టొద్దు." మళ్ళీ గుడి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టాక, డప్పుల మీదుగా అరిచి చెప్పింది. "నేను లేపుత. చాయ్ నేనే పెడ్త."